సీమ వంకాయ పాదు: కాయను మొలకెత్తించడం నుంచి తీగ కత్తిరింపు దాకా

పందిరినీడ:
సీమ వంకాయ మీద అడిగిన ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. బెంగళూరు వంకాయ అన్నా, చౌచౌ అన్నా ఇదే. పేరులో వంకాయ ఉంది గానీ వంగకూ దీనికీ చుట్టరికం లేదు. ఇది సొర, బీర, దోసల కుటుంబం. శాస్త్రీయ నామం సెకియం ఎడ్యూలే. పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికాల్లోని తేమగల కొండ ప్రాంతాలు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సాగులో సగం ప్రశ్నలకు జవాబు దొరికినట్టే. చల్లదనం, గాలిలో తేమ, నీరు నిలవని నేల, మొదట్లో కాస్త నీడ, ఇవన్నీ దానికి పుట్టింటి అలవాట్లు.

బీర, సొర పెంచినవాళ్లు ఇక్కడ మొదట తడబడేది విత్తనం దగ్గర. దీనికి విడి విత్తనం ఉండదు. కాయంతటికీ ఒకటే గింజ. అది మెత్తటి పలుచని పొరలో గుజ్జుకు అతుక్కుని ఉంటుంది. ముదిరాక కాయలో ఉండగానే మొలకెత్తుతుంది. గింజను బయటికి తీసి ఎండబెడితే చచ్చిపోతుంది. అందుకే విత్తనాల పొట్లాల్లో ఇది దొరకదు. మొత్తం కాయనే నాటాలి.

కొత్తమొలక:
అయితే కూరకు తెచ్చిన కాయల్లోంచే ఒకటి తీసి నాటొచ్చా అండీ? ఎలాంటిది ఎంచుకోవాలి?

పందిరినీడ:
నాటొచ్చు, కానీ ముదురు కాయ కావాలి. కూరకు లేతది బాగుంటుంది, విత్తనానికి అది పనికిరాదు. 300 గ్రాములకు తగ్గకుండా బరువుగా, గట్టిగా ఉండాలి. తొక్క మీద గాయం, మెత్తబడిన మచ్చ ఉండకూడదు. తొడిమ ఊడిన చోట తడి కారుతుంటే వదిలేయండి. ఫ్రిజ్‌లో చాలా రోజులున్న కాయ పైకి బాగానే కనిపిస్తుంది గానీ చలికి లోపల దెబ్బతిని ఉంటుంది. అలాంటిది మొలకెత్తకుండానే కుళ్లిపోవచ్చు.

కాయను తిప్పి వెడల్పు వైపు చూడండి. అక్కడ పెదవులు బిగించిన బోసినోరులా ఒక అడ్డగీత ఉంటుంది. మొలక వచ్చేది అక్కడి నుంచే. లేత కాయలో ఆ గీత గట్టిగా మూసుకుని ఉంటుంది. ముదిరేకొద్దీ కొంచెం వదులై, లోపలి గింజ కొస నాలుకలా బయటికి తొంగిచూస్తుంది. అప్పటికే తొంగిచూస్తున్న కాయ దొరికితే ఇక వేరేది వెతక్కండి.

రెండు మొక్కలు కావాలంటే నాలుగు కాయలు పెట్టుకోండి. అన్నీ నిలవవు.

మిద్దెమడి:
మొలకెత్తించే పద్ధతి నేను రాస్తాను. మట్టి అవసరం లేదు, నీళ్లలో నానబెట్టే పని అంతకన్నా లేదు. పళ్లెంలోనో అట్టపెట్టెలోనో పొడి కాగితం పరిచి, కాయల్ని ఒకదానికొకటి తగలకుండా పక్కకు పడుకోబెట్టండి. ఎండ నేరుగా పడని, గాలాడే చోటు కావాలి. 18 నుంచి 24 డిగ్రీల వేడి సరిపోతుంది. కాయను బట్టి రెండు నుంచి నాలుగు వారాల్లో మొలక వస్తుంది, బాగా ముదిరిందైతే ఇంకా ముందే. మొలక మొదట్లో ఉన్న తెల్లటి పీచులాంటివి వేళ్లు. అవి కనిపిస్తున్నాయంటే కాయ ఆరోగ్యంగా ఉన్నట్టే.

పూర్తి చీకట్లో పెట్టకండి. మొలక తెల్లగా, సన్నగా, బారుగా సాగిపోతుంది. దాన్ని ఒక్కసారిగా ఎండలో పెడితే రెండో రోజుకే వాడుతుంది. కిటికీ పక్క మసక వెలుతురుంటే మొలక పొట్టిగా, లావుగా, ఆకుపచ్చగా వస్తుంది.

కాయ ముడతలు పడుతుంటే భయపడొద్దు. లోపలి నీరు, పిండిపదార్థం మొలకకు వెళ్తున్నాయి, అంతే. ముడతకూ కుళ్లుకూ తేడా మాత్రం తెలియాలి. ముడత పడిన కాయ నొక్కితే తోలులా సాగుతుంది. కుళ్లిన కాయ వేలికి దిగబడుతుంది, వాసన వేస్తుంది.

కొత్తమొలక:
మొలక 30 సెంటీమీటర్లు దాటితే తుంచాలా, అలాగే నాటాలా?

మిద్దెమడి:
10 నుంచి 15 సెంటీమీటర్లప్పుడు నాటితే ఈ గొడవే ఉండదు. 30 దాటితే మూడు నాలుగు కణుపులు ఉంచి కొస తుంచేయండి. ఆ కణుపుల దగ్గర పక్క చిగుర్లు వస్తాయి. కాయలో నిల్వ ఇంకా ఉంటుంది కాబట్టి దెబ్బేమీ లేదు. తుంచాక రెండు మూడు రోజులు కోసిన చోటు ఆరనిచ్చి నాటండి.

పాదుగట్టు:
నాటేటప్పుడు కాయను ఎలా పెట్టాలన్నది అందరూ తికమకపడే విషయం. కాయను పూర్తిగా అడ్డంగా పడుకోబెట్టి సగం పూడిస్తే చాలు. ఏటవాలుగా, నిలువుగా పెట్టడాలన్నీ అనవసరమైన లెక్కలు.

వేరుచూపు:
తేలిక నేలలో మీరు చెప్పినట్టు పడుకోబెడితే చాలు, ఒప్పుకుంటాను. బరువు నేలలో, వాన పడే రోజుల్లో మాత్రం ఏటవాలుగా పెట్టడానికి కారణముంది. మొలకా వేళ్లూ రెండూ వెడల్పు వైపునుంచే వస్తాయి. ఆ వైపు కిందికి వాలి ఉంటే వేళ్లకు వెంటనే మట్టి అందుతుంది. సన్నగా ఉన్న తొడిమ వైపు మట్టిపైన ఉంటే కాయకు గాలి తగులుతుంది. కాబట్టి వెడల్పు వైపు కిందికి, తొడిమ వైపు పైకి, సుమారు 45 డిగ్రీల వాలు. కాయలో మూడింట రెండు వంతులు మట్టిలో, ఒక వంతు బయట. మొలకను మట్టి కిందికి తొక్కిపెట్టకూడదు, అది పక్కనుంచి వంగి పైకి రావాలి.

ఎలా పెట్టినా సరే, కాయను మొత్తం పూడ్చేయడం మాత్రం తప్పు. కాయలో ఎక్కువ భాగం నీరే. తడి మట్టిలో ఊపిరాడకుండా పూడిస్తే వేళ్లు పట్టకముందే కుళ్లుతుంది. నాటిన మూడు వారాల్లోపు చచ్చిపోయిన పాదుల్ని తవ్వి చూస్తే ఎక్కువగా కనిపించేది ఇదే.

పాదుగట్టు:
ఆ వివరణ బాగుంది. వాన రోజుల్లో మీ పద్ధతే మేలు, నా మాట తేలిక నేలల వరకే అనుకోండి. దానికి తోడు కాయ కింద రెండు గుప్పెళ్ల ఇసుక వేయండి, చాలావరకు కుళ్లు అక్కడే ఆగుతుంది.

కొత్తమొలక:
గుంట కొలతలు, ఎరువులు కూడా చెప్పండి. నేలలోనే వేయాలనుకునేవాళ్ల కోసం.

పాదుగట్టు:
గుంట పొడవు, వెడల్పు, లోతు 60 సెంటీమీటర్లు. నేల గుల్లగా ఉంటే 45 చాలు. తవ్వగానే ఎరువు వేసేయకండి, ముందు నీరు ఇంకే పరీక్ష చేయండి. గుంట నిండా నీళ్లు పోసి పూర్తిగా ఇంకనివ్వండి. మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీరు మూడు గంటల్లో ఇంకిపోతే ఆ చోటు సరైంది. మరునాటిదాకా నిలిస్తే అక్కడ గుంటే వద్దు. నేల మీద 30 సెంటీమీటర్ల ఎత్తున, మీటరు వెడల్పున మట్టిదిబ్బ కట్టి దాని మీద నాటండి. చాలామంది ఈ పరీక్ష చేయరు. తర్వాత ఎన్ని మందులు పోసినా ఆ లోటు తీరదు.

గుంట పైమట్టిలో 10 నుంచి 15 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, పావు కిలో నుంచి అర కిలో వేపపిండి, 200 గ్రాముల ఎముకల పొడి కలిపి నింపండి. పది రోజులు ఆగి, మట్టి కుదురుకున్నాక నాటండి. పచ్చి పేడ మాత్రం వేయకండి. అది మురుగుతూ వేడి పుట్టిస్తుంది, లేత వేళ్లు మాడిపోతాయి. మట్టి పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే మంచిది.

గుంటల మధ్య దూరం కనీసం రెండున్నర మీటర్లు. తీగ 10 మీటర్లు దాటి పాకుతుంది. చిన్నప్పుడు చూస్తే ఈ దూరం వృథా అనిపిస్తుంది, నాలుగు నెలలయ్యాక చాలదనిపిస్తుంది.

వేరుచూపు:
నాటిన మొదటి నెల గురించి రెండు ముక్కలు. ఎలుకలు నాటిన కాయను తవ్వి తినేస్తాయి. కాయ చుట్టూ ఇనుప జాలీని గొట్టంలా చుట్టి 10 సెంటీమీటర్లు మట్టిలోకి దింపండి. ఇక నత్తలు. రాత్రికి రాత్రే మొలక కొస కొరికేస్తాయి. చీకటి పడ్డాక టార్చి వేసి ఏరేయడం అన్నిటికన్నా నికరమైన పద్ధతి. కొస పోయినా పాదు పోయినట్టు కాదు, కాయలోంచి ఇంకో మొలక రావచ్చు. కనీసం మూడు వారాలు చూసి అప్పుడు పీకండి.

మిద్దెమడి:
కుండీల్లో పెంచేవాళ్లకు: 20 లీటర్ల బకెట్టులో కూడా తీగ పెరుగుతుంది, కాయ మాత్రం నిలవదు. దీని వేరు దుంపగా ఊరుతుంది. ఆ దుంపే మరుసటి కాపుకు పెట్టుబడి. 75 నుంచి 100 లీటర్ల తొట్టి, లోతు కనీసం 45 సెంటీమీటర్లు ఉంటే న్యాయం జరుగుతుంది. లోతు కన్నా వెడల్పు ఎక్కువున్నా ఫర్వాలేదు.

మట్టి మిశ్రమం: తోటమట్టి 4 పాళ్లు, చివికిన ఎరువు 3 పాళ్లు, కొబ్బరి పీచుపొడి 2 పాళ్లు, ముతక ఇసుక 1 పాలు. తొట్టికి 300 గ్రాముల వేపపిండి. అడుగు రంధ్రాలు వేలు దూరేంత ఉండాలి. వాటి మీద పెంకు ముక్కలు బోర్లించి పెట్టండి. తొట్టిని ఇటుకల మీద ఎత్తిపెడితే నీరు జారుతుంది, అడుగు వేడెక్కదు. కాంక్రీటు నేల మీద నేరుగా ఆనించిన తొట్టిలో వేళ్లు ఎండకు ఉడికిపోతాయి.

100 లీటర్ల తొట్టి తడిసిన మట్టితో 130 కిలోల పైన తూగొచ్చు. అందుకని దూలం మీదో గోడ వారనో పెట్టండి, కప్పు నడుమ వద్దు.

తీగమల్లె:
నీళ్లు ఎన్ని రోజులకోసారి?

మిద్దెమడి:
రోజుల లెక్క పెట్టుకోకండి, వేలు పెట్టి చూడండి. వేలు రెండు కణుపుల లోతుకు దించితే పొడిగా తగలాలి, అప్పుడే నీళ్లు. నాటిన కొత్తలో పాదుకు రెండు లీటర్లు సరిపోతాయి. ఆకులు నాలుగైదు వచ్చేదాకా తక్కువ తడే మంచిది, ఎందుకంటే అప్పటిదాకా కాయలోని నీటితోనే మొక్క గడుపుతుంది. పందిరెక్కి పూత పట్టాక వ్యవహారం తారుమారవుతుంది. నేలలోని పాదుకు పొడి రోజుల్లో తడికి 10 నుంచి 15 లీటర్లు పడతాయి. తొట్టికి రోజూ పోయాలి. పూత, పిందె మీద ఉన్నప్పుడు ఒక్కసారి బాగా వాడిపోయినా పిందెలు రాలిపోతాయి.

పాదు మొదట్లో 8 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులో గడ్డో పరవండి. వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి ఎండ దెబ్బ వాటికే ముందు తగులుతుంది. పరిచినది కాండానికి ఆనకుండా నాలుగు వేళ్ల ఎడం ఉంచండి, లేకపోతే మొదలు కుళ్లుతుంది.

పందిరినీడ:
పందిరి దగ్గర పిసినారితనం వద్దు. లెక్క చూడండి: తీగకు 80 కాయలు, కాయ 300 గ్రాములు అనుకున్నా 24 కిలోలు. దాని మీద ఆకులు, తీగ, వాన పడితే తడి. వెదురు పుల్లలు, పురికొస చాలవు. నిలువు స్తంభాలు రెండున్నర మూడు మీటర్లకొకటి, ఎత్తు 1.8 నుంచి 2 మీటర్లు. కింద నిలబడి చేయి చాపితే కాయ అందాలి. అంతకన్నా ఎత్తయితే కోయలేక కాయలు ముదిరిపోతాయి.

పైన తుప్పు పట్టని తీగను 30 నుంచి 45 సెంటీమీటర్ల గళ్లుగా అల్లండి. వల కట్టేవాళ్లు కనీసం 15 సెంటీమీటర్ల కన్ను ఉన్నది తీసుకోండి. సన్న కన్ను వలలో పిందె దూరి పెరిగి ఇరుక్కుంటుంది, కోసేటప్పుడు వలైనా తెగాలి, కాయైనా పగలాలి.

ఇంకోటి. దీని నులితీగలు సన్నటి వాటినే చుట్టుకోగలవు. లావు స్తంభాన్ని పట్టుకోలేవు. కాబట్టి నేల నుంచి పందిరి దాకా ఒక తాడు కట్టి ఇవ్వాలి. తీగను తాడుకు కట్టేటప్పుడు ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి.

తీగమల్లె:
కొసలు తుంచడం గురించి కూడా చెప్పండి. ఒకరు తుంచమంటారు, ఒకరు వద్దంటారు.

పందిరినీడ:
తుంచాలి, కానీ ఎప్పుడన్నది ముఖ్యం. పందిరి చేరేదాకా ఒకటి రెండు బలమైన తీగలే ఉంచి, కింద వచ్చే పక్క చిగుర్లు తీసేయండి. పందిరి తాకిన తర్వాత ఒక జాన పాకనిచ్చి కొస తుంచండి. మూడు నాలుగు కొమ్మలు వస్తాయి. వాటిని నాలుగు దిక్కులకూ మళ్లించండి. ఒక్కోటి మీటరున్నర సాగాక మళ్లీ కొస తుంచండి. పువ్వులు ఆకు మొదట్లో, కణుపు దగ్గర వస్తాయి. కొమ్మలు పెరిగితే కణుపులు పెరుగుతాయి, కణుపులు పెరిగితే పూత పెరుగుతుంది.

మొగ్గ కనిపించాక మాత్రం కత్తెర పక్కన పెట్టేయాలి. అప్పుడు తుంచితే తీగ మళ్లీ చిగుర్ల మీద పడుతుంది. ఎండిన, తెగులు పట్టిన ఆకులు తీయడం వేరు, అది ఎప్పుడైనా చేయొచ్చు.

పచ్చపాదు:
తీగ పందిరంతా కమ్మేసింది. ఆరు నెలలైంది. ఒక్క పువ్వు లేదు. పశువుల ఎరువు నెలకోసారి, యూరియా రెండుసార్లు పడింది. ఏ మందు కొట్టాలి?

తేనెతుట్టె:
మందు వద్దండీ. రెండు కారణాలుండొచ్చు. ముందు పగటి పొడవు చూడాలి. ఇది పొద్దు చూసుకుని పూసే తీగ. పగలు సుమారు పన్నెండు గంటలకు దిగినప్పుడు పూత మొదలవుతుంది. ఉత్తరార్ధగోళంలో సెప్టెంబరు 22, 23 తేదీల్లో పగలూ రాత్రీ సమానమవుతాయి, ఆ అటూ ఇటూ వారాల్లో మొగ్గలు కనిపిస్తాయి. దక్షిణార్ధగోళంలో అది మార్చిలో. భూమధ్యరేఖ దగ్గర పగలు ఏడాదంతా దాదాపు పన్నెండు గంటలే కాబట్టి, చల్లని ఎత్తుల్లో ఏ నెలలోనైనా పూస్తుంది. మీ తీగ పొడవు పగళ్లలో పెరిగి ఉంటే, అది ఆలస్యం కాదు, తన సమయం కోసం ఆగుతోంది.

ఇంకో కారణం యూరియా. నత్రజని ఎక్కువైతే ఆకులు అరచేతికి రెట్టింపు పెరిగి, ముదురాకుపచ్చగా, మెత్తగా ఉంటాయి. పూత వెనక్కి పోతుంది, పేనుబంక ముందుకొస్తుంది. ఇప్పటికి యూరియా ఆపేయండి. మొగ్గ దశలో పొటాష్ ఉండే ఎరువు ఇవ్వండి. కట్టెబూడిద వేస్తే పాదుకు రెండు గుప్పెళ్లు మించొద్దు, బూడిద నేలలో క్షారం పెంచుతుంది.

పందిరి పక్కన రాత్రంతా వెలిగే దీపం ఉంటే అది కూడా చూసుకోండి. పొద్దు లెక్క పెట్టుకునే మొక్కలకు ఆ వెలుగు అడ్డొస్తుంది.

పచ్చపాదు:
దీపం ఉంది, రాత్రంతా వెలుగుతుంది. ఆపి చూస్తాను. పూత వచ్చాక పిందెలు పసుపెక్కి రాలడం అనే సమస్య కూడా విన్నాను. దానికి?

తేనెతుట్టె:
దానికీ రెండు దారులున్నాయి. మొదటిది పరాగం అందకపోవడం. ఒకే తీగ మీద మగపువ్వులు, ఆడపువ్వులు విడివిడిగా వస్తాయి. మగవి సన్నటి కాడ మీద గుత్తిగా ఉంటాయి. ఆడది ఎక్కువగా ఒంటరిగా అదే కణుపు దగ్గర వస్తుంది. లేత ఆకుపచ్చ కలిసిన మీగడ రంగు, అయిదు రేకులు, చిటికెన వేలి గోరంత పువ్వు. దాని వెనక వడ్లగింజ కన్నా కాస్త పెద్దదిగా బుల్లి కాయ ఆకారం అప్పటికే ఉంటుంది, నూగు కూడా కనిపిస్తుంది. తేనెటీగలు రాని చోట పొద్దున తొమ్మిదిలోపు మగపువ్వు కోసి, రేకులు వలిచి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. ఒక మగపువ్వు రెండు ఆడపువ్వులకు సరిపోతుంది. పువ్వులు మరీ చిన్నవి కాబట్టి సన్నని రంగుల కుంచె తేలిక. పరాగం అందని పిందె మూడు నుంచి అయిదు రోజుల్లో పసుపెక్కి రాలుతుంది.

ఒక్క తీగ ఉన్నా కాస్తుంది, తన పరాగం తనకే పనికొస్తుంది. రెండు తీగలుంటే రోజూ మగపువ్వులకు కొదవ ఉండదు, అంతవరకూ లాభం.

రెండోది వేడి. పరాగం అందినా 28 డిగ్రీలు దాటి రోజుల తరబడి ఉంటే పూత, పిందె రాలతాయి. 13 డిగ్రీల కన్నా దిగితే చిన్న పిందెలు దెబ్బతింటాయి. వేడి రోజుల్లో మధ్యాహ్నం ఎండ తగలకుండా పలుచని నీడవల కట్టండి, పాదు చుట్టూ నేలను తడిపి గాలిలో తేమ పెంచండి. సాయంత్రం ఆకులు తడిపితే బూజు తెగులు పిలిచినట్టవుతుంది, అది చేయకండి.

ఇంకా ముఖ్యం, పూత మీద పురుగుమందు కొట్టకండి. కొట్టిన పందిరి మీదికి తేనెటీగ రాదు, వచ్చినది బతకదు. ఎంత జాగ్రత్తగా పెంచిన తీగైనా అక్కడితో వట్టిపోతుంది.

వేరుచూపు:
తెగుళ్లు, పురుగుల సంగతి నాకు వదిలేయండి.

బూడిద తెగులు: ఆకు పైన పిండి చల్లినట్టు ఉంటుంది. గాలాడని గుబురు పందిరిలో మొదలవుతుంది. మొదటి మచ్చలున్న ఆకులు తీసేసి పందిరి పలచన చేయండి. గంధకం పొడి కలిపి కొట్టే అలవాటున్నవాళ్లు జాగ్రత్త, ఈ కుటుంబపు తీగల ఆకులు గంధకానికి మాడతాయి, ఎండ ఎక్కువున్న రోజున మరీను. ఒక ఆకు మీద కొట్టి రెండు రోజులు చూశాకే మిగతాది.

బూజు తెగులు వేరు. ఆకు పైన ఈనెల మధ్య పసుపు పలకలు, కింద బూడిదరంగు నూగు. ఇది తడికి వస్తుంది. నీరు మొదట్లో పోయడం, ఆకు తడవకుండా చూడడమే దీనికి పెద్ద మందు.

పేనుబంక, తెల్లదోమ: లేత కొసలు ముడుచుకుంటే కింద తిప్పి చూడండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కాస్త సబ్బునీరు. సాయంత్రం పూట, ఆకు అడుగు తడిసేలా, వారం ఎడంలో రెండుసార్లు. ఇవి చేసే అసలు నష్టం రసం పీల్చడం కాదు, మొజాయిక్ వైరసు తేవడం. ఆకుల మీద ఆకుపచ్చ, పసుపు కలగలిసిన మచ్చలు, చిన్నబోయిన కొసలు, వంకర కాయలు కనిపిస్తే ఆ తీగకు వైద్యం లేదు. పీకి దూరంగా పారేయండి. దాని కాయను విత్తనానికి వాడకండి, దాని కొమ్మను అసలే వాడకండి.

పండు ఈగ: లేత కాయ మీద సూది గుచ్చినంత మచ్చ, అక్కడ జిగురు బొట్టు. లోపల తెల్లటి పురుగులు. గుచ్చిన కాయలు ఏరి గట్టిగా మూసిన సంచిలో వేసి ఎండలో వారం ఉంచాలి, పాదు పక్కనే పడేస్తే పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై వస్తుంది. మిగతా పిందెలకు కాగితం సంచి తొడగండి. క్యూలూర్ ఎర పెట్టిన బుట్టలు మగ ఈగల్ని పట్టేస్తాయి. అవి ఉన్నా సంచులు మానొద్దు.

ఇక నులిపురుగు. ఇదే నాకు అన్నిటికన్నా భయం. పైకి ఏమీ తెలియదు. నీళ్లున్నా మధ్యాహ్నం తీగ వాడి సాయంత్రం కోలుకుంటుంది, పెరుగుదల ఆగుతుంది. పక్కన కొంచెం మట్టి తీసి వేరు చూస్తే పూసల దండలా బుడిపెలుంటాయి. ఉన్న పాదుకు చేయగలిగింది తక్కువ. ఆ కాపు దక్కించుకుని, తర్వాత ఆ గుంట వదిలేయండి. ఆ మట్టిని తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా కప్పి, ఎండ బాగా ఉండే ఆరు వారాలు వదలాలి. ఆ తర్వాత ఒక పంట బంతి వేయండి. టమాటా, వంగ, దోస వేసిన చోట దీన్ని నాటకపోవడం ఇంకా మంచిది, వాటికీ ఇదే పురుగు పడుతుంది.

కొత్తమొలక:
కాయ ఎప్పుడు కోయాలో ఎలా తెలుస్తుంది?

పాదుగట్టు:
నాటిన నాలుగు నుంచి ఆరు నెలలకు, పొద్దు కుదిరితే, మొదటి కాయలు అందుతాయి. పువ్వు విచ్చిన రోజు నుంచి లెక్కపెడితే 28 నుంచి 35 రోజులు. తొక్క నిగనిగలాడుతూ, గోరు గుచ్చితే తేలిగ్గా దిగి తడి రావాలి. అడుగు గీత మూసుకునే ఉండాలి. గీత విచ్చుకోవడం మొదలైతే గుజ్జులో పీచు పడుతుంది, ఆ కాయను విత్తనానికి వదిలేయండి.

లాగి తెంపకండి, తొడిమ రెండు సెంటీమీటర్లు ఉంచి కత్తిరించండి. లాగితే తీగ కణుపు చీలుతుంది. కాపు మీద ఉన్నప్పుడు నాలుగైదు రోజులకోసారి కోస్తూ ఉండాలి. ముదురు కాయలు పందిరి మీదే ఉంచితే తీగ బలం వాటి మొలకలకే పోతుంది, కొత్త పూత తగ్గుతుంది. పందిరికి వేలాడుతూనే జానెడు మొలకలు వేసిన కాయలు కనిపిస్తే, ఆ పందిరిని పట్టించుకున్నవాళ్లు లేరని అర్థం.

బాగా కుదిరిన తీగ ఒక కాపుకు 50 నుంచి 100 కాయలిస్తుంది. కొన్ని రకాలకు తొక్క మీద మెత్తటి ముళ్లుంటాయి, కోసేటప్పుడు చేతికి గుడ్డ చుట్టుకోండి. తొక్క తీస్తే వచ్చే జిగురు వేళ్ల మీద ఆరి పొరలా బిగుసుకుంటుంది, చర్మం మొద్దుబారినట్టవుతుంది. చేతికి నూనె రాసుకోవడమో, నీళ్లలో ముంచి తొక్క తీయడమో చేస్తే అంటదు.

తీగమల్లె:
కాపు అయిపోయాక ఆకులన్నీ పసుపెక్కి తీగ ఎండుతోంది అంటే పాదు చచ్చినట్టేనా?

పందిరినీడ:
కాదు. ఇది ఏటా వేసే తీగ కాదు, దుంపతో బతికే బహువార్షికం. ఆకు పసుపెక్కడం విశ్రాంతి మొదలైనట్టు. పూర్తిగా ఎండేదాకా ఆగి, నేల నుంచి 45, 60 సెంటీమీటర్లు ఉంచి కత్తిరించండి. ఆకు పచ్చగా ఉండగా కోయొద్దు, ఆకులోని సత్తువ దుంపలోకి దిగే సమయమది. ఎండిన తీగంతా పందిరి మీంచి తీసేయండి. తెగుళ్లు, నల్లి దాగేది అక్కడే.

విశ్రాంతిలో నీళ్లు బాగా తగ్గించాలి. నేల ఎండి పగుళ్లు బారకుండా చూస్తే చాలు, ఆకుల్లేని పాదుకు మునుపటి లెక్కన పోస్తే దుంప కుళ్లుతుంది. మంచు గడ్డకట్టే చోట్ల మొదలు మీద 20 సెంటీమీటర్ల మందాన గడ్డి కప్పండి. పై తీగ పోయినా దుంప గడ్డకట్టకపోతే మళ్లీ చిగురిస్తుంది. చిగుర్లు కనిపించగానే చుట్టూ ఒక అడుగు దూరంలో మట్టి గుల్లచేసి 5 కిలోల చివికిన ఎరువు, పావు కిలో వేపపిండి ఇవ్వండి. వచ్చిన చిగుర్లలో బలమైనవి మూడు ఉంచి మిగతావి తీసేయండి. మూడు నాలుగేళ్లయ్యాక కాపు తగ్గుతుంది, ఆలోపే ఇంకో చోట కొత్త పాదు సిద్ధం చేసుకోవాలి.

కొత్తమొలక:
కొత్త పాదుకు మళ్లీ కాయే కావాలా? కొమ్మతో రాదా?

వేరుచూపు:
వస్తుంది. కాయ నుంచి వచ్చిన మొక్క తల్లిలా ఉండాలని లేదు, పరాగం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు కదా. మంచి కాపు తీగ అచ్చంగా అలాగే కావాలంటే కొమ్మే నాటాలి. తెగులు లేని తీగ మొదట్లో వచ్చే చిగురును 15 నుంచి 20 సెంటీమీటర్లు, మూడు కణుపులుండేలా, కణుపు కిందుగా కోయండి. కింది ఆకులు తీసి, కొసన రెండు చిన్నాకులుంచి, ఒక కణుపు ఇసుక, కొబ్బరి పీచుపొడి సమంగా కలిపిన మిశ్రమంలోకి దించండి. పైన పారదర్శక సంచి కప్పి నీడలో పెట్టండి. మూడు నాలుగు వారాల్లో వేరు పడుతుంది. మెల్లగా లాగితే బిగువు తగలాలి. సంచి ఒక్కసారిగా తీయొద్దు, వారం పాటు రోజూ కాసేపు తీసి పెడుతుండాలి.

కొమ్మ మొక్కకు కాయలాంటి నిల్వ ఉండదు. అందుకే మొదటి నెలన్నర దాని తడి, నీడ కాయ మొక్క కన్నా జాగ్రత్తగా చూడాలి.

పచ్చపాదు:
దీపం ఆపి మూడు వారాలైంది, యూరియా కూడా మానేశాను. పందిరి దక్షిణం వైపు కణుపుల్లో గుత్తులుగా మొగ్గలు కనిపిస్తున్నాయి. అన్నీ మగవే.

తేనెతుట్టె:
సంతోషం. మగ గుత్తులు ముందు కనిపించినా కంగారు పడకండి. అదే కణుపులో, గుత్తి కాడ మొదట్లో చూస్తూ ఉండండి, వెనక నూగుకాయతో ఒంటి మొగ్గ వస్తుంది. అది కనిపించిన రోజు నుంచి తడి తప్పనివ్వకండి. కుంచె సిద్ధంగా ఉంచుకోండి.